సాదుమన్నరు, సాదుకొమ్మనలే

మొన్న మా మనవరాలి కూతురు మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు వస్తూ ఒక కుందేలును వెంట తెచ్చుకుంది. తెల్లటిది, ఎర్ర కళ్ళది. దానికొక తీగల పంజరం, నీళ్ళు తాగడానికి సీసా, సంచెడు మేత. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ మూగి, దానికి ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో ఫోన్లో చూసుకుంటూ ఒకటే చర్చ. గొర్రెల మంద మధ్య పుట్టి పెరిగిన ముసలిదాన్ని, మూల మంచం మీద కూర్చునే ఉన్నాను. నన్ను ఒక్కరైనా అడిగితే కదా! అడగకపోతే పోనీ, నేనూ నోరు విప్పలేదు. ఈ వయసులో నాకు మిగిలిన పౌరుషం అదొక్కటే.

కాసేపటికి ఆ పిల్లే పంజరం మోసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "తాతమ్మా, దీన్ని నేనే పెంచుకుంటున్న, తెల్సా?" అంది.

పెంచుకుంటున్న. ఎంత సులువుగా అనేసింది! ఆ మాట అనడానికి దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెంచడం వేరు, పెంచుకోవడం వేరు అని మా ఇంట్లో అందరికీ తెలిసిన కాలం ఒకటి ఉండేది. మధ్యలో ఉన్న ఆ చిన్న అక్షరం కోసం మా నాయన దెబ్బలు తిన్నాడు.

మాది కోదాడ అవతల, చిలుకూరు దాటి ఇంకా లోపలికి నడిచే ఊరు. గొర్రెలే మా బతుకు, వాటితో పాటు నాలుగు మేకలు. ఇంట్లో నాయన, అమ్మ, నాయనమ్మ, నేను. ఇల్లంతా ఉన్ని వాసన. వాన పడితే దానికి తోడు తడిసిన గొంగడి వాసన. పొద్దున అంబలి, పొద్దుగూకాక జొన్న గటక. గొర్రె ఈనిందంటే మాత్రం ఇంట్లో పండగే. అమ్మ జున్ను వండేది. బెల్లం ఉంటే బెల్లంతో, లేకపోతే ఉప్పుతో. ఆ గిన్నె అడుగు గీరుకోవడానికి నేనూ నాయనమ్మా పోట్లాడుకునేవాళ్ళం. ఆమెకు పళ్ళు లేవు కాబట్టి అడుగు మాడు నాకే దక్కాలని నా వాదన, పళ్ళు లేవు కాబట్టే మెత్తటిదంతా తనదని ఆమె వాదన.

ఊరికి ఒక దొర, దొరకొక కోటలాంటి గడి. గడిలో గొర్రె పిల్లలు పుడితే దొర గుమాస్తా వాటిని మా మందలో వదిలేసి "సాదుండ్రి" అని చెప్పి పోయేవాడు. మా వైపు సాదడమంటే పెంచడం. పిల్ల పెరిగి గొర్రె అయితే గడిది. మధ్యలో చస్తే దానికి బదులు మా మందలోంచి ఒకటి గడికి పోవాలి. మేత మాది, కాపలా మాది, వానలో తడిసేది మేము. అదొక్కటేనా? గడిలో వంట వండేదీ, నీళ్ళు తోడేదీ, పొలం దున్నేదీ మా ఊరివాళ్ళే. కూలి అన్న మాటే లేదు. ఒకసారి నేను చిన్నతనం కొద్దీ, అందరం అన్నీ చేస్తున్నాం కదా, మనకేమీ ఎందుకు మిగలదని నాయనమ్మను అడిగాను. ఆమె గొంగడికి ఉన్ని వడుకుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

"మనకు ‘కో’ లేదే పిల్లా. దున్ను అంటరు, దున్నుకో అనరు. వండు అంటరు, వండుకో అనరు. ఆ ఒక్క అచ్చరం గడిల దాసిపెట్టుకున్నరు."

నాకప్పుడు నవ్వొచ్చింది. ఆమె ఏం మాట్లాడినా నాకు నవ్వే వచ్చేది.

ఊళ్ళన్నీ దొరల మీద తిరగబడుతున్న కాలం అది. ఎండాకాలంలో ఒకనాడు మా దొర కుటుంబం కూడా పట్నానికి ప్రయాణం కట్టింది. పెట్టెలు మోయడానికి ఊరందరినీ పిలిచారు. నాయన గొంగడి కొస పట్టుకుని నేనూ పోయాను. కారు నిండా సామాను. దొరబిడ్డ నా ఈడుదే, చేతుల్లో ఒక తెల్లటి చిన్న జీవిని హత్తుకుని ఏడుస్తోంది. పట్నం నుంచి ఎవరో తెచ్చిచ్చారట. ఇంత సామానులో దీన్నెక్కడ పెట్టనని వాళ్ళమ్మ కసురుకుంది. గుమాస్తా దాన్ని పిల్ల చేతుల్లోంచి లాగి నాయన చేతుల్లో పెట్టి ఏదో అన్నాడు. సరిగ్గా అప్పుడే కారు హారన్ మోగింది.

నాకు వినపడింది ఇదీ: "సాదుకో."

నాయనకు వినపడింది: "సాదు."

ఇంటికి వచ్చేదాకా దారంతా దీని మీదే తగాదా. నాయన నా మాట కొట్టిపారేశాడు. గుమాస్తా నోట ‘కో’ వస్తుందా, వచ్చి ఎరుగుదుమా అన్నాడు. నేను వచ్చిందని ఒట్టేసుకున్నాను. ఆ ‘కో’ నిజంగా అతని నోట వచ్చిందో, కారు చప్పుడులో పుట్టిందో, నా ఆశలో పుట్టిందో ఇప్పటికీ తేల్చి చెప్పలేను.

ఇంట్లో దాన్ని చూసి నాయనమ్మ ముక్కు మీద వేలేసుకుంది. మేము దాన్ని కుందేలు అనం, చెవులపిల్లి అంటాం. "చెవులపిల్లిని ఉరికిచ్చి కొట్టి కూర వండుతరు గని, సాదుతరా యాడనన్న?" అంది. ఆమె మాటలో తప్పేం లేదు. మెట్ట చెలకల్లో దొరికే బూడిదరంగువి మా ఇంట్లోకి ఎప్పుడొచ్చినా కూర అవడానికే వచ్చాయి. ఇంత తెల్లది, ఎర్ర కళ్ళది, మనిషి ఒళ్ళో కూర్చునేది ఒకటుంటుందని మాకెవరికీ తెలియదు. వందల గొర్రెలను కాసిన ఇల్లు, ఇంత చిన్న జీవి ముందు బిత్తరపోయి కూర్చుంది.

ముందు చేసిన తప్పు పాలు పట్టడం. పేరులోనే పిల్లి ఉంది కదా, పిల్లికి పాలు కాక ఇంకేం పెడతారు? నేను చిప్పెడు గొర్రె పాలు పెడితే పాపం తాగింది. మర్నాటికి పారుడు పట్టుకుంది. తల వాల్చేసి మూలకు ముడుచుకుంది. అది చస్తే ఒక గొర్రె గడికి పోతుందని అమ్మ భయం. నాకు గొర్రె సంగతి పట్టలేదు, అది కళ్ళు మూస్తే నేనూ అన్నం తిననని మొండికేశాను. నాయనమ్మే తుమ్మ బెరడు కాచిన నీళ్ళు చుక్క చుక్కగా దాని నోట్లో వేసింది. కాస్త తేరుకున్నాక నాయన దాని పెంటికలను అరచేతిలో వేసుకుని, నలిపి, వాసన చూసి, "ఇది పిల్లి గాదు, మన జాతిదే. గడ్డి తినేది" అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లో దానికి మర్యాద పెరిగింది. "పేరు పిల్లిది, పండ్లు ఎలకయి, పెంటిక గొర్రెది. దేవుడు దీన్ని మిగిలిన మట్టితోని చేసిండు" అని నాయనమ్మ తీర్పు చెప్పింది.

రెండో తప్పు చెవులు పట్టి ఎత్తడం. అంతంత చెవులిచ్చింది పట్టుకోవడానికే అనుకున్నాను. వెనక కాళ్ళతో తన్నిందంటే నా మోచెయ్యి చీరుకుపోయింది. నాయన దాన్ని గొర్రె పిల్లను ఎత్తినట్టు ఎత్తి చూపించాడు. ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి నడుం కింద. అలా ఎత్తితే నిజంగానే కుదురుగా ఉండేది. దాని గుండె మాత్రం నా అరచేతిలో దడదడలాడేది.

పగలంతా కోళ్ళ గంప కింద, పొద్దుగూకితే ఇంట్లో. అది చేసిన ఆగడాలు అన్నీ ఇన్నీ కావు. మేకల పలుపుతాళ్ళు కొరికింది. నాయన చెప్పు అంచు కొరికింది. నాయనమ్మ గొంగడి మూలకు గుండ్రంగా చిల్లి పెడితే, ఆమె తిట్టిన తిట్లు ఊరవతలి దాకా వినపడ్డాయి. తెల్లారుజామున తన పెంటికలు తానే తింటూ అమ్మ కంట పడింది. అమ్మ థూ అని ఊసి, ఇక దాన్ని వంటపొయ్యి దగ్గరికి రానివ్వనంది. కుక్క మొరిగితే వెనక కాలితో నేలను టప్పుమని కొట్టేది. దానికి తెలిసిన మాట అదొక్కటే. గొర్రెకు అరుపుంది, కుక్కకు మొరుగుంది, దీనికి నోరన్నదే లేదు. దానికి పేరు కూడా పెట్టలేదు మేము. గొర్రెలకు పేర్లు పెట్టం, రంగును బట్టి పిలుస్తాం. అలాగే అది ‘తెల్లది’ అయింది.

గరిక అంటే దానికి ప్రాణం. తోటకూర దొరికితే గరికనూ కన్నెత్తి చూడదు. మా పెరటి వెనక ఒక ముసలమ్మ తోటకూర మడి ఉండేది. రోజూ మధ్యాహ్నం ఆమె కునుకు తీసే వేళకు నేను మడిలో దూరి, ఒళ్ళో పట్టినంత తెంపుకొచ్చేదాన్ని. మీ మేకలే మేశాయని ఆమె మా ఇంటి మీదికి వచ్చింది. మా మేకలు అంత అందంగా తుంచి తింటాయా అని నాయనమ్మ ఆమెతో గంటసేపు కొట్లాడి పంపించింది. తరువాత నా చెవి పట్టుకుని దగ్గరికి లాగింది. కొడుతుందనుకున్నాను. "రేపు జర ఎక్కువ తెంపుకరా, మనకు గూడ కూర అయితది" అంది.

తొలకరికి ముందు, దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. చావడి ముందు డప్పు కొట్టించి అందరినీ పోగు చేశారు. దొర వదిలిపోయిన చెలకలను ఊరికి పంచారు. నాయనకు వాగు పక్కన కొంత వచ్చింది. నేను నాయన పక్కనే ఉన్నాను కాబట్టి ఈ మాటను నా చెవులతో విన్నాను. దీంట్లో అనుమానం లేదు, కారు చప్పుడు లేదు. "ఇగ ఈ చెలకలు మీయి. దున్నుకోండ్రి" అన్నారు.

నాయన ఆ మాటను ఇంటిదాకా మోసుకొచ్చాడు. అమ్మకు చెప్పాడు, నాయనమ్మకు చెప్పాడు, గొర్రెలను దొడ్డిలోకి తోలుతూ తనకు తానే చెప్పుకున్నాడు. దున్నుకోండ్రి అన్నరు. దున్నుమనలే, దున్నుకోండ్రి అన్నరు. పుట్టి బుద్ధెరిగాక నాగలి పట్టిన మనిషి కాదు. ఎవరిదో ఎడ్ల జత అడిగి తెచ్చి దున్నితే సాళ్ళు అష్టవంకరలు పోయాయి. చూసినవాళ్ళు నవ్వితే ఆయనా నవ్వాడు. నాయన అంత గట్టిగా నవ్వడం నేను అప్పుడే చూశాను. ఆ చెలకలో మొలిచిన గరికను పీకి తెచ్చి నేను మా తెల్లదానికి పెట్టాను. మా సొంత గడ్డి.

ఆ సాయంత్రం నాయన గడప మీద కూర్చుని, తెల్లదాన్ని ఒళ్ళోకి తీసుకుని చెవుల వెనక గోకుతూ నాతో అన్నాడు.

"ఇగ నువ్వు గూడ దీన్ని సాదుకో బిడ్డా."

నాయనమ్మ లోపలి నుంచి, "ఆ మాట జర మెల్లగ అనురా కొడకా, ఇనపడితది" అంది. ఎవరికి వినపడుతుందో చెప్పలేదు.

జొన్న నా నడుం దాకా పెరిగింది. లేత జొన్న ఆకు పసరం కడుపులో పడితే విషమని నాయన తెల్లదాన్ని ఆ వైపుకే రానిచ్చేవాడు కాదు. అది కూడా బాగా పెరిగింది. వచ్చినప్పుడు నా దోసిట్లో పట్టేది, ఇప్పుడు ఒడి నిండా కూర్చునేది. గింజ పాలు పోసుకునే వేళకు సడక్ మీద యూనియన్ మిలిట్రీ బండ్లు వచ్చాయి. వాటి వెనకే దొర వచ్చాడు. గడి తలుపులు తెరుచుకున్నాయి. పట్నం పోయినవాళ్ళంతా తిరిగి వచ్చారు.

గుమాస్తా ఇల్లిల్లూ తిరిగాడు. మా ఇంటికి వచ్చినప్పుడు నాయనను అడిగింది ఒక్కటే. ఎవడు దున్నుకొమ్మన్నడు రా అని. ఏమని చెబుతాడు? అందరితో పాటు ఆయన్నూ సడక్ పక్క మిలిట్రీ క్యాంపుకు తీసుకుపోయారు. ఆయన లేని ఆ రోజుల్లో మా ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. తెల్లదానికి మాత్రం నేను గరిక తప్పించలేదు. వాగు పక్క చెలకలోకి పోతే గడివాళ్ళు జొన్న కోస్తున్నారు. పీకిన గరిక అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాను.

నాయన తిరిగి వచ్చాక కుడి చెయ్యి పైకి లేవలేదు. అమ్మ ఉప్పు మూట వేడి చేసి కాపడం పెడుతుంటే పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. నేను తెల్లదాన్ని తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టాను, కాస్త ఊరట అవుతుందని. ఆయన దాన్ని తాకలేదు.

"దీన్ని గడిల అప్పజెప్పాలె" అన్నాడు.

నువ్వే కదా సాదుకొమ్మన్నావని నేను ఏడ్చాను.

"సాదుమన్నరు బిడ్డా. సాదుకొమ్మనలే."

"నువ్వన్నవ్ గద నాయినా."

"అననీకి నేనెవణ్ణి?" అన్నాడు. నాయనమ్మ అటు తిరిగి పడుకుంది. ఆమె ఏడుపు చప్పుడు వినడం నాకదే మొదలు.

మర్నాడు పొద్దున గడికి పోయాం. నాయనకు ఒక చెయ్యి పనిచేయదు కాబట్టి తెల్లదాన్ని నేనే ఎత్తుకున్నాను, ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి నడుం కింద. గడి వసారాలో క్యాంపు మనుషులు భోజనాలకు కూర్చుని ఉన్నారు. మసాలా వాసన వాకిలి దాకా వస్తోంది. దొరబిడ్డ బయటికి వచ్చింది. పట్నం గౌను వేసుకుంది, రెండు జడలకు రిబ్బన్లు. నేను తెల్లదాన్ని చాచి పట్టుకున్నాను. ఆమె ఒక చూపు చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఇది మాది కాదు. మాది చిన్నగ ఉండె" అంది.

ఆ ఒక్క క్షణం నా ప్రాణం లేచి వచ్చింది. ఆమె నోటితో ఆమే అంది, తమది కాదని. మా దొడ్డిలో తాళ్ళు కొరుకుతూ, మా గరిక తింటూ అది పెద్దదైందని ఆమెకు తోచలేదు. తోచకపోవడమే నాకు కావాలి. గడి వాకిట్లో మా ఇంటివాళ్ళెవరూ అంత గట్టిగా మాట్లాడి ఉండరు, నేను మాట్లాడాను.

"మీది గాకపోతే నాదే గద!"

నాయన నా భుజం పట్టుకుని నొక్కాడు. గుమాస్తా నవ్వాడు. నా వైపు కాదు, నాయన వైపు తిరిగాడు.

"మాదాన్ని కోసుక తిని, ఇంకోదాన్ని పట్టుకొచ్చినవా?"

చూశారా, నింద వేసేటప్పుడు మాత్రం ఆ ‘కో’ మాకు ధారాళంగా దొరికేది. కోసుకతిన్నరు. దోచుకున్నరు. ఆక్రమించుకున్నరు. దానికి మాత్రం ఏ దొరా పిసినారితనం చేయలేదు.

పాత లెక్క ప్రకారమే తీర్పయింది. సాదుమని ఇచ్చింది పోయింది కాబట్టి బదులుగా మందలోంచి ఒక గొర్రె. మరి ఈ తెల్లది? దొరబిడ్డది కాదు, నాది కావడానికి వీల్లేదు. గుమాస్తా వంటమనిషిని కేకేశాడు. అతను వచ్చి దాన్ని నా చేతుల్లోంచి చెవులు పట్టి లాగాడు. అది గాలిలో వెనక కాళ్ళు కొట్టుకుంది. కొట్టడానికి నేల అందలేదు.

"చెవులు పట్టకు! నడుం కింద చెయ్యి వెట్టాలె!" అని అరిచాను. అప్పుడు నాకు తోచిన మాట అదే. వండొద్దని అనలేదు, తీసుకుపోవద్దని అనలేదు. దానికి నొప్పి కాకుండా ఎలా ఎత్తాలో చెప్పాను. అతను వినిపించుకోకుండా వెనకవైపుకు వెళ్ళిపోయాడు. దొరబిడ్డ నన్ను వింతగా చూసి లోపలికి పోయింది. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. చిన్నపిల్ల, ఏం తెలుసు అంటారేమో. నేనూ చిన్నపిల్లనే.

వాగు పక్క చెలక మళ్ళీ మాకు రాలేదు. ఆ తరువాత ఎన్నో ఏళ్ళకు సాగర్ కాలువ వచ్చి అక్కడ ఏటికి రెండు పంటల వరి పండింది, పండించుకున్నవాళ్ళు వేరు. గడి కూలిపోయింది, దొర పిల్లలు ఎటో పోయారు, మందలు పోయాయి. మేము సూర్యాపేట చేరాం. నా పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలు తెచ్చుకున్నారు, ఇల్లు కట్టుకున్నారు. అన్నింట్లోనూ ఆ అక్షరం ఉంది, నాయన ఇవన్నీ కళ్ళారా చూశాడు కూడా. ఆయన మాటలోకి మాత్రం అది మళ్ళీ రాలేదు. అన్నం పెట్టుకో అనేవాడు కాదు, తిను అనేవాడు. ఉంచుకో అనేవాడు కాదు, ఉండనీ అనేవాడు. నా పెద్దకొడుకు పుట్టినప్పుడు వాణ్ణి తెచ్చి ఆయన ఒళ్ళో పెడితే, వాడి తల నిమిరి, "మంచిగ సాదు బిడ్డా" అన్నాడు. నా కన్నకొడుకు. వాడి విషయంలో కూడా సాదుకో అనడానికి ఆయనకు నోరు రాలేదు.

ఇదంతా మా ఇంట్లో ఇప్పుడెవరికీ తెలియదు. చెప్పలేదు నేను. కుందేలు కోసం ఎనభై ఏళ్ళు దాటినా ఏడుస్తావా అని నవ్వుతారు. దొరలు, గడులు అంటే వాళ్ళకు కథల్లోని సంగతులు.

ఆ పిల్ల పంజరం తలుపు తీసి కుందేలును బయటికి తీసింది. నేను మంచం మీదే బిగుసుకుపోయాను. ఒక చెయ్యి రొమ్ము కింద పెట్టింది, ఒక చెయ్యి నడుం కింద పెట్టింది. ఫోన్లో ఎవరో సరిగ్గానే చెప్పినట్టున్నారు. తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. దాని గుండె నా అరచేతికి తగిలింది. నా వేళ్ళు వాటంతట అవే చెవుల వెనక గోకుతుంటే, ఆ పిల్ల ఆశ్చర్యంగా చూసింది.

"నీకు గూడ మస్తు తెల్సే! నువ్వు గూడ చిన్నప్పుడు కుందేలును పెంచుకున్నవా తాతమ్మా?"

"పెంచిన" అన్నాను.